విరగాల్సిన చోట విరిగే విమానం

జనగామలో మా అక్కవాళ్ళ ఇంట్లో, ముందు గది దూలానికి కొట్టిన మేకుకు ఒక విమానం వేలాడుతుంటుంది. రెక్క ఈ చివర నుంచి ఆ చివరకు సరిగ్గా మీటరు. దూరం నుంచి తెల్లగా కనిపిస్తుంది కానీ దగ్గరికెళ్తే ఒంటినిండా గోధుమరంగు ప్యాకింగ్ టేపు పట్టీలే. పక్కనే కొత్త మోడల్ ఒకటి, దుకాణంలో కొన్నది, ధగధగలాడుతూ ఉంటుంది. వచ్చినవాళ్ళంతా దాన్నే చూస్తారు. నేను మాత్రం ఈ పాతదాన్ని కిందికి దింపమని మా మేనల్లుణ్ణి అడుగుతాను. ఎన్నిసార్లు చేతిలోకి తీసుకున్నా అందులో ఇంకో పనితనం బయటపడుతుంది.

అది పుట్టింది కరోనా రోజుల్లో. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. మూడు రోజులు తిరగకుండానే దేశమంతా తలుపులు మూసుకుంది. అప్పటికే హాస్టళ్ళు ఖాళీ చేయిస్తున్నారు. ఇంజనీరింగ్ చదువుతున్న మావాడు బట్టల సంచీతోపాటు ఒక చెప్పుల డబ్బా తెచ్చుకున్నాడు. అందులో కాలేజీ ప్రాజెక్టు కోసం కొనుక్కున్న బ్రష్‌లెస్ మోటారు, దాని వేగాన్ని అదుపుచేసే చిన్న సర్క్యూటు, తొమ్మిదేసి గ్రాముల సర్వోలు రెండు, ఒక లిపో బ్యాటరీ, రిమోటు. అతని రూమ్మేట్లు ఇద్దరు. ఒకడిది మహబూబాబాద్, ఇంకొకడిది భూపాలపల్లి. 2016 అక్టోబరు 11 దాకా ముగ్గురిదీ వరంగల్ జిల్లానే, ఇప్పుడు మూడు జిల్లాలు. ఎవరి ఊళ్ళో వాళ్ళు ఇరుక్కుపోయి, ఒకే విమానం కొలతలు వాట్సాప్‌లో పంచుకుని, ముగ్గురూ మూడుచోట్ల కట్టడం మొదలుపెట్టారు. ఆన్‌లైన్‌లో నిత్యావసరాలు తప్ప ఇంకేమీ రాని రోజులవి. కాబట్టి ఊళ్ళో ఏది దొరికితే అదే సామాను.

జనగామలో దొరికింది థర్మాకోల్, అదీ ఫ్రిజ్ ప్యాకింగులో వచ్చిన గుంతలు, గట్లు ఉన్న దిమ్మ. దాన్ని ఆరు మిల్లీమీటర్ల పలకలుగా చీల్చాలి. కత్తి పెడితే పూసలు రాలిపోతాయి. అందుకని మావాడు పాత హీటరు కాయిల్ నుంచి నైక్రోమ్ తీగ సాగదీసి, వెదురు బద్దను విల్లులా వంచి దానికి బిగించి, బైకు బ్యాటరీకి కలిపాడు. తీగ ఎర్రబడకూడదు. ఎర్రబడిందంటే కోత వెడల్పై పలక అంచులు కరుగుతాయి. వేడి చాలకపోతే తీగ ఈడ్చుకుపోయి మధ్యలో వంగుతుంది, పలక పొట్ట ఉబ్బుతుంది. దిమ్మకు రెండు పక్కలా చెక్క పట్టీలు పెట్టి, వాటిమీద తీగను ఆనించి, ఒకే వేగంతో లాగాలి. మధ్యలో క్షణం ఆగితే అక్కడో గాడి పడుతుంది. రెక్క అడుగున అలాంటి గాడి ఒకటి ఇప్పటికీ ఉంది. అదేమిటని అడిగితే, "అప్పుడే అమ్మ చాయ్ తాగమని పిలిచింది మామా" అన్నాడు.

రెక్కను పక్కనుంచి చూస్తే ఒక మెట్టు కనిపిస్తుంది. అడుగు పలక నిండుగా ఉంటుంది, దాని మీద అతికించిన రెండో పలక ముందు సగం వరకే వచ్చి ఆగిపోతుంది. పని సగంలో వదిలేశాడనుకున్నాను. కాదట. అమెరికాలో రిచర్డ్ క్లైన్ అనే ఆయన కాగితపు విమానం మడుస్తూ కనిపెట్టిన ఆకారం అది. ఫ్లాయిడ్ ఫోగల్‌మన్‌తో కలిసి 1972లో పేటెంటు పొందాడు. మనుషులెక్కే విమానాలకు అది అక్కరకు రాలేదు. కానీ నురగ పలకలతో కట్టేవాళ్ళకు మాత్రం వరమైంది. వంపు తిరిగిన రెక్కను చెక్కే పని తప్పుతుంది, ముందు భాగానికి మందం వస్తుంది, రెండు పొరల మధ్య వెదురు బద్ద దాచుకోవడానికి చోటూ దొరుకుతుంది.

ఆ వెదురు బద్ద గురించి కొంచెం చెప్పాలి. బుట్టలల్లే మేదరివాళ్ళు బద్ద చీల్చేటప్పుడు పై చర్మం వైపును ఎంతో భద్రంగా చూసుకుంటారు. నార చిక్కగా ఉండేది అటే కదా. గాలిలో రెక్క పైకి వంగితే అడుగు భాగం సాగుతుంది, పై భాగం నొక్కుకుంటుంది. వెదురు నొక్కుడు కన్నా లాగుడును బాగా తట్టుకుంటుంది. అందుకే మావాడు బద్దను చర్మం కిందివైపు ఉండేలా రెక్కలో పొదిగాడు. ఇది పుస్తకంలో చదివిన ముక్క కాదు. భూపాలపల్లి మిత్రుడు మేదరి తాతను అడిగి తెలుసుకుని ఫోనులో చెప్పాడు.

అంటించడానికి ఫెవిక్విక్ పనికిరాదు, థర్మాకోల్‌ను తినేస్తుంది. పెట్రోలు వాసనున్న జిగురు ఏదైనా అంతే. మిగిలింది చెక్కపని ఫెవికాల్. తడి బయటికి పోయే దారి లేని థర్మాకోల్ పొరల మధ్య అది ఆరడానికి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. మామూలు రోజుల్లో కుర్రవాళ్ళకు ఇంత ఓపిక ఎక్కడిది? ఆ వేసవిలో ఇంటినిండా ఓపికే. ఒక రెక్క బల్లకు ఆని ఉండగా రెండో రెక్క కొస కింద ఎంసెట్ పుస్తకాలు పేర్చి, పైన బరువు పెట్టి, రెండు రోజులు ముట్టుకోలేదు. అలా పైకి లేచిన రెక్కల వల్లే గాలి తోపుకు ఒక పక్కకు ఒరిగిన విమానం తనంతట తాను సర్దుకుంటుంది. రెక్క చివర కదిలే పలకలు (ఐలరాన్లు) లేవు, తోకలో చుక్కాని, పైకీ కిందికీ తిప్పే పలక మాత్రమే. వాటి కీళ్ళు కూడా టేపుతో వేసినవే. అంచును నలభై ఐదు డిగ్రీల వాలుగా కోసి, టేపు ఒక్క పక్కనే అంటించాడు. సర్వో నుంచి తోక దాకా పోయే కడ్డీ సైకిలు చువ్వ. దాన్ని తగిలించిన కొమ్ము గడువు తీరిన ఏటీఎం కార్డు ముక్క, మీద సగం అంకెలు ఇంకా కనిపిస్తాయి.

మోటారును మొదటిసారి చూసినప్పుడు వంకరగా బిగించాడనుకున్నాను. కొంచెం కుడికి, కొంచెం కిందికి చూస్తుంటుంది. స్క్రూల వెనక ఒకచోట ఒక వాషరు, ఒకచోట రెండు. పంకా ఒకవైపు తిరుగుతుంటే ఒళ్ళు దానికి ఎదురువైపు తిరగాలని చూస్తుంది. పవర్ పెంచినప్పుడల్లా ముక్కు ఎడమకు లాగి పైకి లేస్తుంది. ఆ లాగుడును చేతివేళ్ళతో కాకుండా వాషర్లతోనే సరిచేశాడు. ఎన్ని వాషర్లన్నది లెక్క కట్టి తేల్చలేదు. ఎగరేసి, దింపి, ఒకటి వేసి, మళ్ళీ ఎగరేసి తేల్చాడు.

ఇదంతా నైపుణ్యమే. నన్ను కట్టిపడేసింది మాత్రం వేరే. ఈ విమానంలో గట్టిగా అంటించినవి కొన్ని, కావాలని గట్టిగా అంటించనివి కొన్ని. రెక్కకూ ఒంటికీ మధ్య జిగురు లేదు. సైకిలు ట్యూబును రింగులుగా కోసి, ఒంటిలోంచి అడ్డంగా దూర్చిన రెండు పుల్లలకు రెక్క మీదుగా సాగదీసి తగిలించాడు. నేల తాకితే రెక్క ఊడి పక్కకు పడుతుంది తప్ప విరగదు. మోటారు బిగించిన ప్లైవుడ్ ముక్కను ముక్కులో పట్టి ఉంచేవి నాలుగు టూత్‌పిక్‌లు. ముక్కు నేలను గుద్దితే పుల్లలు పుటుక్కున విరుగుతాయి, మోటారు ఇరుసు వంగదు. గట్టిగా కడితే మంచిది కదా అని నా పెద్దరికం చూపించబోయాను.

"మామా, ఇది ఇరగాల్నే. గీ పుల్ల ఇరగకపోతే మోటర్ పోతది. ఇప్పుడు మోటర్ యాడ దొరుకుతది?"

ఆ మాట విన్నాక రామప్ప గుర్తొచ్చింది. పాలంపేట ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది, ఆ వేసవికి ఏడాది ముందు దాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది. గర్భగుడి మీది కట్టడాన్ని మనవాళ్ళు విమానం అనే అంటారు. 1213 నాటి శాసనం ఉన్న ఆ గుడి విమానాన్ని నీళ్ళమీద తేలే ఇటుకలతో కట్టారు, బరువు తగ్గించడానికి. పునాదిలో ఇసుక నింపారు, నేల కదిలినప్పుడు ఆ కదలికను అదే మింగడానికి. ఆ మహమ్మారి కాలంలోనే, 2021 జులై 25న, యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలోకి తీసుకుంది. రేచర్ల రుద్రుడి స్థపతులకూ థర్మాకోల్ కుర్రవాడికీ పోలికేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. ఏది బరువు మోయాలో, ఏది లొంగిపోవాలో ముందే తేల్చుకుని కట్టినవాళ్ళు ఇద్దరూ.

మిగతా ఇద్దరి సంగతి. మహబూబాబాద్ వాడికి థర్మాకోల్ దొరకలేదు. ఆ జనవరి 22న మున్సిపల్ ఎన్నికలు జరిగాయి, ప్రచారపు ఫ్లూట్ బోర్డులు వీధికి పది మిగిలాయి. లోపల గొట్టాల్లాంటి గాళ్ళు ఉండే ప్లాస్టిక్ అట్ట అది. గాళ్ళు రెక్క పొడవునా ఉండేలా కోస్తేనే రెక్క నిలబడుతుంది, అడ్డంగా కోస్తే మడతపడుతుంది. బరువెక్కువ, కానీ ఎన్నిసార్లు పడినా చావదు. రెక్క కింద ఒక అభ్యర్థి చేతులు జోడించి నవ్వుతూ ఉండిపోయాడు. విమానం తలమీదుగా పోయినప్పుడల్లా కింద ఉన్నవాళ్ళకు దండం పెట్టేవాడట.

భూపాలపల్లి వాడి దగ్గర మోటారే లేదు. వాడు వెదురు చీలికలు, పాత గాలిపటాల కాగితంతో గ్లైడరు కట్టాడు. ముక్కుకు బరువు కావాల్సి వచ్చి ఒక నట్టు కట్టాడు. డాబా మీద నుంచి విసిరితే అది ఎంత దూరం పోయిందో మిగతా ఇద్దరికీ కొలిచి పంపేవాడు. ముగ్గురి పనిలోనూ నాకు బాగా నచ్చింది వాడిదే. మోటారుంటే కట్టడంలోని తప్పును కొంత కప్పేయొచ్చు. గ్లైడరు తప్పును దాచదు.

ఈ విద్య పుట్టిందీ అలాంటి కటిక సామానుతోనే. 1871 ఆగస్టు 18న పారిస్‌లోని ట్విలరీ తోటలో ఆల్ఫాన్స్ పెనో అనే ఇరవై ఒక్కేళ్ళ యువకుడు రబ్బరు మెలితిప్పి తిప్పే పంకాతో ఒక చిన్న విమానాన్ని పదకొండు సెకన్లు ఎగరేశాడు. నలభై మీటర్ల దాకా పోయింది. ఒళ్ళు ఒక పుల్ల, రెక్కల కొసలు పైకి వంచినవి, వెనకున్న చిన్న రెక్క రెక్కకన్నా కాస్త కిందికి వాలినది. ఆ వాలు వల్లే అది తనంతట తాను నిలకడగా సాగింది. మావాడి తోకలోనూ అదే వాలు, ఒక అట్టముక్క మందం. పెనో పేరు వాడికి తెలియదు.

గదిలోనే ఎగిరే విమానాలూ ఉన్నాయి, లాక్‌డౌన్ కోసమే కనిపెట్టారేమో అనిపిస్తుంది. ఎఫ్‌వన్‌డి అనే పోటీ తరగతిలో రెక్క 55 సెంటీమీటర్లు, రబ్బరు కాకుండా మొత్తం విమానం కనీస బరువు 1.4 గ్రాములు. మన రూపాయి బిళ్ళలో సగం కూడా లేదు. అరగంట దాకా గాల్లో ఉంటుంది, మనిషి నడకంత నెమ్మదిగా. రుమేనియాలో స్లానిక్ ఉప్పు గనిలోపల దీనికి ప్రపంచ పోటీలు పెట్టారు, గాలి కదలని చోటు కావాలి కదా. ఈ ముక్క చెప్తే భూపాలపల్లి వాడు, వాళ్ళ నాన్న సింగరేణిలో పనిచేస్తాడు, "మా బాయిల అయితే గాలి ఫ్యానేస్తరు అంకుల్, అది నిలువది" అన్నాడు.

మావాడి విమానం మొదట ఎగిరింది మే నెలలో, మా చెలక దగ్గర. ఎవుసం పనులకు సడలింపు ఉండేది, ఎలాగూ మేం పొద్దున్నే అక్కడికి పోవాల్సిందే. ఆరింటికల్లా ఎగరేయాలి, ఎనిమిది దాటితే నేల కాగి గాలి సుడులు మొదలవుతాయి. యాసంగి వరి కోసిన మడిలో కొయ్యకాళ్ళు దబ్బనాల్లా నిలబడి ఉంటాయి, దిగేటప్పుడు పొట్టను చీలుస్తాయి. అందుకే పొట్టకు టేపు రెండు పొరలు. ఎగరేసే ముందు రెక్క అడుగున, ముందంచు నుంచి ఐదున్నర సెంటీమీటర్ల దగ్గర, రెండు వైపులా చూపుడు వేళ్ళు ఆనించి ఎత్తేవాడు. ముక్కు కొద్దిగా కిందికి వాలితేనే ముందుకు విసిరేవాడు. తోక బరువైన విమానం ఒక్కసారే ఎగురుతుందని ఈ సరదా ఉన్నవాళ్ళందరికీ తెలుసు. మావాడు ఆ సంగతి రెండో రోజే నేర్చుకున్నాడు.

ఆ రోజు గాల్లో రెండు గద్దలు తిరుగుతున్నాయి. విమానం పైకి లేచి, ఇంకా లేచి, ఆగిపోయినట్టు నిలబడి, ఒక పక్కకు జారి బొక్కబోర్లా పడింది. టూత్‌పిక్‌లు నాలుగూ విరిగాయి. రెక్క ఊడి పది గజాల అవతల పడింది. మోటారు బాగానే ఉంది. పావుగంటలో మళ్ళీ ఎగిరింది. గద్ద ఒకటి మాత్రం దాని వెనకే కాసేపు వచ్చి, ఇదేం పిట్టరా అనుకుందేమో, వెళ్ళిపోయింది.

2021 ఆగస్టులో కొత్త డ్రోన్ నిబంధనలు వచ్చాయి. కంటిచూపు మేరలో సరదాకు ఎగరేసే మోడళ్ళకు టైపు సర్టిఫికెట్ అక్కర్లేదు కానీ, ఎక్కడ ఎగరేయొచ్చో మ్యాపు చూసుకోవాలి. మావాడు ఇప్పుడు అదంతా చూసుకునే ఎగరేస్తాడు, ఆ దుకాణపు విమానాన్ని.

పాతదాన్ని మొన్న కిరాణా కొట్టు త్రాసులో పెట్టాం. కట్టినప్పుడు 640 గ్రాములు, ఇప్పుడు 712. ఆ డెబ్బై రెండు గ్రాములూ మరమ్మతులే, టేపు, జిగురు, అట్టముక్కలు. పడినప్పుడల్లా దెబ్బ ముందు ముక్కుకే కాబట్టి ఆ బరువంతా ముందరే చేరింది. మరి రెండు వేళ్ళమీద ఇప్పటికీ సరిగ్గా ఎలా నిలబడుతోంది? బ్యాటరీ మూత తీసి చూపించాడు. లోపల పెన్సిలుతో గీసిన గీతలున్నాయి. మొదటిది ముక్కుకు దగ్గరగా ఉంది. ముక్కుకు టేపు చుట్టినప్పుడల్లా బ్యాటరీని కొంచెం వెనక్కి జరిపి, కొత్త గీత గీశాడు. ఆరు గీతలు. ఆరోది రెక్క కిందికి వచ్చేసింది, దాని వెనక ఇక చోటు లేదు.