నిమ్మ పిండాక మరిగించొద్దు

పల్నాట కోడి అనగానే ముందు గుర్తొచ్చేది పందెం. బ్రహ్మనాయుడి కోడి ఓడింది, మాచర్ల వాళ్లు ఊరొదిలి వలస పోయారు, చివరికి కారంపూడిలో కత్తులు దూసుకున్నారు. ఏటా కార్తీకంలో అక్కడ జరిగే వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ ఒక రోజు కోడిపోరుదే. పందెం తర్వాత గుర్తొచ్చేది పులుసు. కారం దండిగా పడి, నూనె పైకి తేలి, పక్కన జొన్నరొట్టె ఉంటే ఇంకేం అక్కర్లేదనిపించే నాటుకోడి పులుసు. చారు సంగతి మూడోది. దాన్ని ఎవరూ గొప్పగా చెప్పుకోరు. రాజుపాలెం, సత్తెనపల్లి, పిడుగురాళ్ల వైపు ఇళ్లలో కోడి చారు అంటే జలుబు చేసినప్పటి వంట. జ్వరం పడి లేచిన పిల్లాడికి, నీరసపడ్డ పెద్దాయనకి, కాలో చెయ్యో విరిగి మంచంలో ఉన్నవాడికి మిరియాలు దంచి వేసి కాచి ఇస్తారు. వాళ్లు కోలుకోగానే చారును మళ్లీ మర్చిపోతాం.

గ్రీకులు ఆ చారునే విందు బల్ల మీదికి ఎక్కించారు. కోడిని ఉడకబెట్టిన నీళ్లలో కాసిని బియ్యం వేసి ఉడికించి, దించే ముందు గిలకొట్టిన గుడ్లు, నిమ్మరసం కలుపుతారు. ఆ గుడ్డు నిమ్మ మిశ్రమాన్ని వాళ్లు అవ్‌గొలెమొనో అంటారు. పాలు, వెన్న, పిండి ఏవీ పడకుండానే చారు మీగడలా చిక్కబడుతుంది. లేత పసుపు రంగు తిరుగుతుంది. పుల్లగా ఉంటుంది గానీ పళ్లు పులవవు. జబ్బు చేసినవాళ్లకు వాళ్లూ ఇదే పెడతారు, చుట్టాలొచ్చినా ఇదే పెడతారు. నలభై రోజులకు పైగా సాగే ఉపవాసం ముగిసి ఈస్టర్ అర్ధరాత్రి ఇంటికొచ్చాక తాగే మాయిరీత్సా అనే గొర్రె పేగులు, కార్జం చారుకు కూడా చివర్న గుడ్డూ నిమ్మే పడతాయి.

ఈ చారు మనకు పరాయిదనుకోనక్కర్లేదు. కోడిని మచ్చిక చేసిందీ, నిమ్మజాతి పుట్టిందీ ఆసియాలోనే. అస్సాం, ఉత్తర మయన్మార్, చైనా యునాన్ కలిసే హిమాలయ పాదాల దగ్గర నిమ్మజాతి పుట్టిందని 2018లో జన్యు పరిశోధకులు తేల్చారు. ఇక కోడి గ్రీసుకు చేరిన దారి వాళ్ల సాహిత్యంలోనే ఉంది. క్రీస్తుపూర్వం 414లో ఏథెన్సులో ఆడిన అరిస్టోఫనీస్ ‘పక్షులు’ నాటకంలో కోడిని పారశీక పక్షి అన్నారు. అంటే ఈ చారులో ముఖ్యమైన సరుకులు రెండూ తూర్పు నుంచి పడమరకు నడిచి వెళ్లినవే. మన జిల్లాలోనే, మాచర్ల అవతల నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు శిల్పాల్లో కొమ్ముపాత్ర పట్టుకున్న గ్రీకు మద్యదేవుడి పోలికలున్న బొమ్మ ఉంది. రోమను బంగారు నాణేలూ అక్కడ దొరికాయి. కృష్ణ ఒడ్డుకూ మధ్యధరా తీరానికీ రాకపోకలు ఆనాడే ఉన్నాయి. వంటలు కూడా అటూఇటూ వచ్చాయని మాత్రం నేను అనను, అంత సాక్ష్యం లేదు.

గుడ్డూ నిమ్మా కలిపే పద్ధతి గ్రీకులొక్కరిదే కూడా కాదు. తుర్కులు దాన్ని తెర్బియె అంటారు. 1492లో స్పెయిను వెళ్లగొట్టిన యూదులు ఒట్టోమన్ నగరాలకు చేరి అగ్రిస్తాదా పేరుతో అలాంటి సాసే చేసుకునేవారు. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారన్న తగువు ఇంకా తెగలేదు. మనకది అవసరం లేదు, చేతికి పని నేర్పడం ముఖ్యం.

చారుకు ప్రాణం కోడి ఉడికిన నీళ్లు. ‘పావుగంటలో సూప్’ అని ఊరించే వాళ్లంతా ఈ నీళ్లు ముందే సిద్ధంగా ఉన్నాయనుకునే చెబుతారు. కాబట్టి ఆదివారం కోడికూర వండే రోజునే పని మొదలుపెట్టాలి. మన కొట్లలో బ్రాయిలర్ కోడిని తోలు తీసి ఇస్తారు. కూరకు అది సరిపోతుంది గానీ చారుకు చాలదు. నోట్లో జిగురుగా తగిలే చిక్కదనం తోలులో, మెడలో, రెక్కల్లో, కాళ్లలో ఉంటుంది. కొట్టతన్ని అడిగితే మెడలు, వీపు ఎముకలు, కాళ్లు తక్కువకే ఇస్తాడు. నాటుకోడి దొరికితే ఇంకా మంచిది. దాన్ని మంట మీద కాల్చి, పసుపు రాసి, తోలుతోనే కొడతారు కాబట్టి చారుకు రుచి దానంతటదే దిగుతుంది. గుడ్లు పెట్టడం మానేసిన లేయర్ కోడిని చాలామంది చులకనగా చూస్తారు. కూరలో అది నమలలేనంత గట్టిగా ఉంటుంది, నిజమే. చారుకు మాత్రం ముదురు కోడే కావాలి.

నలుగురికి ముక్కలూ ఎముకలూ కలిపి ముప్పావు కిలో నుంచి కిలో దాకా తీసుకుని రెండు లీటర్ల చన్నీళ్లలో వేయాలి. వేన్నీళ్లలో వేస్తే మాంసం పైపైన బిగుసుకుంటుంది, చారు మబ్బుగా వస్తుంది. మరుగు పట్టబోయే ముందు బూడిదరంగు తెట్టు పైకి తేలుతుంది. దాన్ని గరిటెతో ఓపిగ్గా తీసేయాలి. మన చారులో పసుపు, కారం, ధనియాల పొడి కలిసి ఈ తెట్టు కంటికి కనపడదు కాబట్టి చాలామందికి దాని సంగతే తెలియదు. ఇందులో మసాలా లేదు, దాచుకునే చోటూ లేదు. తెట్టు పోయాక ఒక ఉల్లిపాయ, ఒక క్యారెట్, పదిహేను మిరియాలు, ఒక బిర్యానీ ఆకు, తగినంత ఉప్పు. గ్రీకులు సెలరీ కాడ వేస్తారు. అది మన సంతలో దొరకదు, కొత్తిమీర కాడలు కట్టగట్టి వేస్తే చాలు. బ్రాయిలర్ అయితే సన్నని సెగ మీద ముక్క మెత్తబడటానికి అరగంట. ముక్కలు తీసేశాక ఎముకల్ని ఇంకో అరగంట కాగనివ్వాలి. నాటుకోడి, లేయర్ కోడి అయితే కుక్కర్ పెట్టక తప్పదు. వడకట్టి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి పైన కొవ్వు గడ్డకట్టి ఉంటుంది. కింద చారు తొణకకుండా జున్నులా నిలబడితే మీ కోడి మంచిదని అర్థం.

ఇక్కడి నుంచి పని నిజంగానే ఇరవై నిమిషాలది. లీటరున్నర చారును మరగబెట్టి అరకప్పు బియ్యం వేయాలి. నా మాట వింటే సన్నబియ్యం వద్దు, నూకలు వేయండి. నూకల్లోని గంజి త్వరగా దిగి, తర్వాత గుడ్డు విరగకుండా కాపలా కాస్తుంది. మనం కూలికి దిగినట్టు ఏరి పారబోసే నూకలు ఇక్కడ అసలు బియ్యం కంటే ఎక్కువ పనికొస్తాయి. జొన్న రవ్వతోనూ చేయొచ్చు. కొంచెం బరువుగా ఉంటుంది, ఉడకడానికి ఇంకాస్త సేపు పడుతుంది. పల్నాటి జొన్నకూడు మీద శ్రీనాథుడు విసుక్కున్నాడని చాటువులు చెబుతాయి గానీ, కోడి చారులో ఉడికిన జొన్నను ఆయనకు ఎవరూ పెట్టి ఉండరు.

ఇక అసలు ఘట్టం. మూడు గుడ్లు. ఫ్రిజ్‌లోంచి ముందే తీసి బయట పెట్టుకోవాలి. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ముందున్నది మన రాష్ట్రమే కాబట్టి తాజా గుడ్డుకు కరువుండదు. అయినా నీళ్లలో వేసి చూడటం మంచిది, తేలినదాన్ని పక్కన పెట్టండి. కొందరు గ్రీకు ఇల్లాళ్లు తెల్లసొనను ముందు నురగ వచ్చేదాకా గిలకొట్టి, తర్వాత పచ్చసొన కలుపుతారు. అలా చేస్తే చారు తేలిగ్గా, నురగగా వస్తుంది. అంతా ఒకేసారి గిలకొట్టినా తప్పులేదు. దానికి నిమ్మరసం కొద్దికొద్దిగా పోస్తూ గిలకొడుతూ ఉండాలి. గ్రీకు నిమ్మకాయ పెద్దది, తోలు మందం, పులుపు కొంచెం తక్కువ. గూడూరు, తెనాలి మార్కెట్ల నుంచి మనకొచ్చే పలుచని తోలు కాయకు పులుపు ఎక్కువ. వాళ్లు రెండు కాయలు పిండే చోట మనం మంచి రసమున్నవి రెండుతో మొదలుపెట్టి, చివర్లో రుచి చూసి మూడోది పిండుకోవాలి. గింజ పడనీయొద్దు, చెక్కను తోలు చితికేలా పిసకొద్దు. చేదంతా వాటిలోనే ఉంది.

ఇప్పుడు పొయ్యి ఆర్పేయండి. చారు మరుగు తగ్గడానికి ఐదు నిమిషాలు ఆగండి. మన వంటింట్లో మజ్జిగ పులుసు చేసేవాళ్లకు ఈ ఐదు నిమిషాల విలువ చెప్పనక్కర్లేదు. సెగ ఎక్కువైతే మజ్జిగ విరిగి నీళ్లు వేరు, పలుకులు వేరు అవుతాయి, అందుకే శనగపిండి కలుపుతాం, తిప్పుతూనే ఉంటాం. గుడ్డుదీ అదే గుణం. చారులో పల్చనైన గుడ్డు 80 డిగ్రీల దరిదాపుల్లో చిక్కబడుతుంది. మరుగు 100 డిగ్రీలు. ఈ రెంటి మధ్య ఉన్న కొద్ది తేడాలోనే ఈ వంట విద్య అంతా ఉంది. ఒక గరిటెడు వేడి చారు తీసి సన్నని ధారగా గుడ్డులో పోస్తూ రెండో చేత్తో గిలకొట్టాలి. ఇంకో గరిటెడు, మరో గరిటెడు. గుడ్డు గిన్నె అడుగున చెయ్యి పెడితే వెచ్చగా తగిలేదాకా. అప్పుడు దాన్ని తిరిగి పెద్ద గిన్నెలోకి వంచుతూ తిప్పాలి. ముందే గుడ్డును వేడికి అలవాటు చేశాం కాబట్టి ఒక్కసారిగా బిగుసుకోదు. గుడ్డుకు అర్థం కావడానికి అన్నట్టు కొందరు గ్రీకు బామ్మలు ఈ సమయంలో పెదాలతో ముద్దుపెట్టిన చప్పుడు చేస్తారట. చేస్తే చారు విరగదని వాళ్ల నమ్మకం. చప్పుడు సంగతేమో గానీ, ఆ సమయంలో ఫోన్ ఎత్తకుండా చేతి పని మీదే మనసు పెట్టడానికి అది పనికొస్తుంది.

చిక్కదనం చాలలేదనిపిస్తే పొయ్యి మళ్లీ అతి సన్నగా వెలిగించి, తిప్పుతూ రెండు నిమిషాలు ఉంచాలి. గరిటె వెనక పల్చని పూత పట్టి, వేలితో గీస్తే గీత నిలిచిందంటే అయినట్టే. బుడగ కనపడిందా, దించేయాలి. నిమ్మను మరిగిస్తే చేదెక్కుతుందని పులిహోర కలిపే ప్రతి చెయ్యికీ తెలుసు. ఇక్కడ చేదుతో పాటు గుడ్డు కూడా పలుకులు పలుకులవుతుంది. ఇంకో మాట, సిల్వరు గిన్నె వాడొద్దు. పులుపు తగిలితే లోహం రుచి దిగుతుంది, గుడ్డు రంగు బూడిదకు తిరుగుతుంది. స్టీలు గిన్నె చాలు.

విడదీసి పెట్టుకున్న కోడి ముక్కలు వేసి, తాజాగా దంచిన మిరియాలు చల్లి, కొత్తిమీర తురుము వేస్తే వడ్డించుకోవచ్చు. తాలింపు వద్దు. ఈ మాట అంటే మనవాళ్లు నొచ్చుకుంటారని తెలుసు. ఆవాలు, కరివేపాకు, ఎండుమిర్చి చిటపటలాడకపోతే వంట పూర్తి కాలేదనిపిస్తుంది మనకు. మిర్చి యార్డు పక్కన పుట్టి పెరిగిన నాలుకలు మరి. కానీ ఈ చారులో నిమ్మకు, కోడికి మధ్య మాట వినపడాలి. కారం పడితే ఆ మాట మునిగిపోతుంది. నంజుకోవడానికి పక్కన ఒక వేయించిన మిరపకాయ పెట్టుకోండి, చారులో మాత్రం వేయొద్దు. ఇది ఎండాకాలపు వంట కూడా కాదు. రెంటచింతల ఎండలు కాచే రోజుల్లో ఎవరికీ వేడి చారు తాగాలనిపించదు, పైగా ఆ నెలల్లోనే నిమ్మకాయ ధర చుక్కలంటుతుంది. 2022 ఏప్రిల్‌లో దేశమంతా ఆ ధర చూసి నోరెళ్లబెట్టింది. ముసురు పట్టిన శ్రావణ భాద్రపదాలు, మంచు కురిసే ధనుర్మాసం దీనికి అదును. మాంసం ముట్టని ఇళ్లలో ఆ నెలలు పోయాక చేసుకోవచ్చు.

జలుబుకు కోడి చారు మంచిదన్నది ఒట్టి అమ్మమ్మల మాట కాదు. పల్నాటి యుద్ధం జరిగిన 12వ శతాబ్దంలోనే కైరోలో ఉన్న యూదు వైద్యుడు మైమోనిడీస్ కోడి చారును రోగులకు రాసేవాడు. 2000లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయ వైద్యుడు స్టీఫెన్ రెనార్డ్ తన భార్య తరపు బామ్మ చేసే చారునే ప్రయోగశాలకు తీసుకెళ్లాడు. జలుబు చేసినప్పుడు గొంతూ ముక్కూ వాచేలా చేసే తెల్లరక్తకణాల కదలికను ఆ చారు కొంత తగ్గించిందని ‘చెస్ట్’ పత్రికలో రాశాడు. అది గాజుగొట్టాల్లో చేసిన ప్రయోగమే, మందు అని చెప్పడానికి చాలదు. అయినా వేడి, ఉప్పు, మాంసకృత్తులు, తేలిగ్గా అరిగే అన్నం ఒకే గిన్నెలో దొరికితే నీరసపడ్డ మనిషికి అంతకంటే ఏం కావాలి? గుడ్డు కలిపాక మన మిరియాల చారుకు లేని బలం కూడా వస్తుంది. మిరియాల ఘాటు మింగలేని పిల్లలు, పళ్లు లేని పెద్దలు దీన్ని ఇష్టంగా తాగుతారు. నా లెక్కన దీని గొప్పంతా ఇదే.

మిగిలితే ఎలా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. గుడ్డు కలిపిన చారును మళ్లీ మరిగిస్తే విరుగుతుంది. అందుకని కోడి చారూ నూకలూ పెద్ద గిన్నెలో ఉంచుకుని, ఆ పూటకు కావలసినంతే వేరే గిన్నెలోకి తీసి, దానికే గుడ్డు, నిమ్మ కలపండి. ఇద్దరికి ఒక గుడ్డున్నర చాలు. మిగతా చారు ఫ్రిజ్‌లో రెండు రోజులు చెడకుండా ఉంటుంది.