తాడు లేని నడకకు ముందు

1984 ఫిబ్రవరి 7న బ్రూస్ మెక్‌క్యాండ్లెస్ నడుముకు తాడు లేకుండా చాలెంజర్ షటిల్ నుంచి దాదాపు వంద మీటర్ల దూరం వెళ్లివచ్చారు. వీపున తగిలించుకున్న ఎంఎంయూ యంత్రం నైట్రజన్ చిమ్ముతూ ఆయన్ని నడిపింది. ఆ ఫొటో చూసి అందరూ ధైర్యాన్నే మెచ్చుకుంటారు. ఆ మెప్పులో పెద్ద వాటా పదేళ్ల ముందు స్కైలాబ్ అంతరిక్ష కేంద్రంలోని గదిలో జరిగిన పరీక్షలదని నేనంటాను. 1966 జూన్‌లో జెమిని 9 నౌక నుంచి బయటికొచ్చిన యూజీన్ సెర్నన్ ఇలాంటి యంత్రాన్నే నేరుగా శూన్యంలో పరీక్షించబోయారు. కాళ్లూ చేతులూ నిలదొక్కుకునే ఆధారం చాలక, సిద్ధమయ్యే ప్రయత్నంలోనే ఆయాసపడ్డారు. హెల్మెట్ అద్దం మసకబారింది. యంత్రం కదలకుండానే ప్రయోగం ముగిసింది. ముందుగా సాధన చేయలేదా అంటే, విమానంలో చేశారు. అక్కడ భారరహిత స్థితి ఒక్కో విడతకు పాతిక సెకన్లకు మించి నిలవదు. నీటి తొట్టిలో ఎంతసేపైనా తేలవచ్చు గానీ, ప్రతి కదలికకూ నీరే అడ్డుపడుతుంది. అంతరిక్షంలో ఒకసారి వాయువు చిమ్మితే సాగిపోతూనే ఉంటారు, ఆగాలంటే ఎదురు చిమ్మాలి. ఆ లెక్క చేతివేళ్లకు ఎక్కాలంటే భారరహిత స్థితిలోనే నడిపి చూడాలి.

1973–74ల్లో స్కైలాబ్‌లో చేసింది అదే. ఆరున్నర మీటర్ల వెడల్పున్న గదిలో అలన్ బీన్, జాక్ లౌస్మా, ఓవెన్ గారియట్, తర్వాతి బృందంలో జెరాల్డ్ కార్, విలియం పోగ్ ఎం509 అనే ఇలాంటి యంత్రాన్నే రకరకాల పద్ధతుల్లో నడిపి పోల్చారు. కాళ్లతో నడిపే మరో యంత్రాన్నీ ప్రయత్నించారు. చివరికి ఎంఎంయూలోకి వచ్చినవి చేతి మీటలే. ఎం509 పరిశోధకుల్లో మెక్‌క్యాండ్లెస్ కూడా ఒకరు. గాలి, గోడలు, పక్కన తోటివారు ఉన్న గది అసలు శూన్యమెలా అవుతుందని అడగవచ్చు. గోడకు తగిలి ఆగినవారు మళ్లీ ప్రయత్నించగలరు. చేయికి, యంత్రానికి పొత్తు కుదరాలంటే అంత వెసులుబాటు ఉండాలి.

ఇంకా గట్టి అభ్యంతరం ఒకటుంది. 1984 ఏప్రిల్‌లో జార్జ్ నెల్సన్ ఎంఎంయూతో సోలార్ మ్యాక్స్ ఉపగ్రహాన్ని చేరినా దాన్ని పట్టుకోలేకపోయారు. నిజమే. అయితే యంత్రం సరిగ్గానే తీసుకెళ్లింది. ఉపగ్రహం మీద నమూనా చిత్రాల్లో లేని చిన్న భాగమొకటి పొడుచుకొచ్చి అడ్డుపడి, పట్టుకునే పరికరమే బిగుసుకోలేదు. చివరికి షటిల్ యాంత్రిక హస్తం ఆ పని చేసింది. మూడు యాత్రల తర్వాత ఎంఎంయూని పక్కన పెట్టడం న్యాయమేనని నేనూ ఒప్పుకుంటాను. దాని కోసం నేర్చిన విద్య మాత్రం మరుగున పడలేదు. తాడు తెగి కొట్టుకుపోయే వ్యోమగామిని వెనక్కి తెచ్చే సేఫర్ అనే చిన్న యంత్రాన్ని 1994 సెప్టెంబరులో మార్క్ లీ, కార్ల్ మీడ్ డిస్కవరీ షటిల్ బయట పరీక్షించారు. ఒకరు రెండోవారిని కావాలనే గిరగిరా తిప్పి వదిలారు. సేఫర్ ఆ తిరుగుడును ఆపింది.