లెన్సు చిన్నగున్నదేంది తమ్మీ?

శంషాబాద్ దగ్గరి పాల్మాకులకు కూతవేటు దూరంలో ఉన్న ఒక ఫంక్షన్ హాల్లో మొన్న లగ్గం. భోజనానికి లేస్తున్నవాణ్ని, ఒక మాట చెవిన పడి మళ్లీ కూర్చున్నాను. పెళ్లికూతురి మేనమామ, ఫోటోలు తీస్తున్న పోరడి భుజం తట్టి, "ఏం తమ్మీ, లెన్సు గింత చిన్నగున్నదేంది? బయానా తీసుకున్ననాడు పెద్ద లెన్సు తెస్తనంటివి గదా" అన్నాడు. పోరడు నీళ్లు నమిలాడు. వాడి చేతిలో ఉన్నది టామ్రాన్ 28-75. జూమ్ ఈ కొస నుంచి ఆ కొస దాకా అపెర్చర్ 2.8 తగ్గదు. బరువు 550 గ్రాములు. మేనమామ కళ్లు మాత్రం పక్కనే వీడియో అతను భుజాన మోస్తున్న ఫిరంగి మీద ఉన్నాయి.

ఫోటోగ్రాఫర్ సత్తాను లెన్సు పొడుగుతో కొలవడం మా వైపు కొత్త కాదు. ఈ కాలమ్‌లో రాజా దీన్ దయాళ్ పేరు రాని నెల ఉండదని ఒక పాఠకుడు ఎప్పుడో ఎత్తిపొడిచారు. ఈ నెల కోటా ఇదిగో. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరాయన. 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచి, ఒక ఇంగ్లిషు మహిళకు అప్పగించాడు. అది గాజు ప్లేట్ల కాలం. పెట్టె ఎంత పెద్దదైతే ప్లేటు అంత పెద్దది, ప్లేటు ఎంతుంటే కాగితం మీద బొమ్మ అంత. సైజుకు అప్పుడు అర్థముండేది. అర్థం పోయినా, పెద్ద డబ్బా కనిపిస్తే మేనమామలకు భక్తి మాత్రం మిగిలింది.

పోరడి పక్షాన వకాల్తా పుచ్చుకుందామంటే నాకూ ఒక చిక్కుంది. లెన్సన్నాక చేతికి చల్లగా తగలాలి, మెడ గుంజాలి, మెలితిప్పితే బరువుగా తిరగాలి అని వీలు దొరికినప్పుడల్లా రాసేవాణ్ని నేనే. ప్లాస్టిక్ లెన్సును ఇక్కడ ఏనాడూ పొగిడింది లేదు.

నాకా పిచ్చి అంటించింది మా గురువు. విమానాశ్రయం రాకముందు మాట. 2008 మార్చిలో ఇక్కడ విమానాలు దిగడం మొదలయ్యాకే రోడ్డు పొడుగునా ఏసీ హాళ్లు లేచాయి. అంతకుముందు శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో లగ్గమంటే ఇంటి ముందు పచ్చని పందిరి, టెంట్ హౌస్ వాళ్ల షామియానా, గుంజకు కట్టిన ట్యూబ్‌లైట్లు. కరెంటు పోతే జనరేటర్ చప్పుడులో మంత్రాలు వినిపించేవి కావు. మా గురువుకు బజారులో చిన్న స్టూడియో. ఆయన ఆస్తి అంతా ఒక 35-70 లెన్సు. 2.8. నిలువెల్లా లోహం. కంపెనీ పేరు వద్దులెండి. తిప్పే జూమ్ కాదు, తోసి లాగే జూమ్. ముందుకు తోస్తే ఒక కొస, వెనక్కి లాగితే మరో కొస. చూడకుండా, ఆలోచించకుండా, ఎడమచేత్తో అలా తోస్తూ లాగుతూ పుస్తె ముడిపడే క్షణానికి సరిగ్గా బిగిసేది ఆయన చెయ్యి. ఫ్లాష్ కొట్టడానికి అయ్యగారు ఒప్పుకోని ఇళ్లుండేవి. అక్కడ ఆయన లెన్సే దిక్కు. మిగతా స్టూడియోల వాళ్లు కిట్ లెన్సుతో ఫ్లాష్ మీద ఫ్లాష్ కొట్టి తెల్లగా పాలిపోయిన పెళ్లికొడుకులను తీసుకొస్తే, ఈయన ఆల్బంలో మొహాలకు రంగుండేది.

ఒక సీజన్ చివర ఆ లెన్సు బొమ్మల్లో ఏదో మసక మొదలైంది. అద్దం తుడిచినా పోలేదు. కోఠిలో మెకానిక్ దగ్గరికి పట్టుకుపోతే, స్క్రూలు విప్పి లోపలి గొట్టం తీసి తెల్ల గుడ్డ మీద పెట్టాడు. గొట్టం గాడి పొడుగునా పసుపు. మధ్యలో ఒక బియ్యపు గింజ ముక్క కూడా ఉంది. "సార్, లగ్గం లోపల్నే అయినట్టున్నది" అన్నాడు మెకానిక్. ఆ జూమ్ తోసినప్పుడల్లా గాలి బయటికి పోవాలి, లాగినప్పుడల్లా లోపలికి రావాలి. తలంబ్రాలు పోసుకునే వేళకే ఎక్కువ తోసి లాగేది. లేచిన పసుపంతా అది పీల్చుకుంది. అంత లోహం పోసి చేసినవాళ్లు, ఆ సందులో ఒక రబ్బరు రింగు పెట్టలేదు.

గురువుగారు ఆ లెన్సును చివరిదాకా వదల్లేదు, శుభ్రం చేయించుకుంటూ వాడారు. ఆయన మీద గౌరవంతో నేనూ లోహాన్నే నమ్ముకున్నాను. ఆ రోజు గుడ్డ మీద కనిపించింది మాత్రం వేరే సంగతి.

ఇప్పటి తలంబ్రాల్లో బియ్యం కంటే థర్మకోల్ పూసలు, మెరుపు పొడి ఎక్కువ. జంట నడిచొచ్చేటప్పుడు నేల మీద పొగ, రెండు పక్కలా చల్లటి నిప్పుల చిచ్చుబుడ్లు, నెత్తిన గులాబీ రేకుల ఫిరంగులు. ఆ మీదట హోమం పొగ, అయ్యగారు చిలకరించే నీళ్లు. ముందుకు సాగే జూమ్ ఏదైనా గాలి పీల్చేదే. కాబట్టి కొనబోయే లెన్సును కెమెరా నుంచి విప్పి వెనక్కి తిప్పి చూడండి. లోహపు మౌంటు అంచు చుట్టూ సన్నని నల్ల రబ్బరు పెదవి వేలికి తగలాలి. ఆ పోరడి టామ్రాన్‌కు అది ఉంది, లోపలి సందుల్లోనూ తేమ ఆపే ఏర్పాటుంది. సిగ్మా 28-70 ఇంకా తేలిక, 470 గ్రాములే. కానీ రబ్బరు మౌంటు దగ్గర మాత్రమే. ఆరుబయట పెళ్లిళ్లు ఎక్కువ చేసేవాళ్లు ఆ తేడా చూసుకోవాలి. 2024లో కెనాన్ వాళ్లే 500 గ్రాములు దాటని 28-70 2.8 తెచ్చారు, రబ్బరుతో సహా. పైన ప్లాస్టిక్కే. దశాబ్దాలుగా బరువైన లెన్సులకు ఎర్రగీత గీసి అమ్మినవాళ్లే దారి మార్చాక, లోహం గురించి నేను పట్టుబట్టి ఏం లాభం? పైగా కింద పడితే బరువైనదానికే దెబ్బ ఎక్కువ. సొట్ట బయటికి కనిపిస్తుంది, లోపల అద్దం పక్కకు జరిగిన సంగతి ఆల్బం అచ్చయ్యాక తెలుస్తుంది.

ఇక 2.8 గొడవ. 5.6తో పోలిస్తే నాలుగింతల వెలుగు. 5.6 దగ్గర ఐఎస్‌ఓ 6400 కావాల్సిన చోట, అదే షట్టర్ వేగానికి 1600తో సరిపోతుంది. ఇది అందరూ చెప్పేదే. జీలకర్ర బెల్లం వేళ అడ్డుతెర దించగానే ఇద్దరి మొహాలూ దొరకాలి. రెండు మీటర్ల దూరం, 75 దగ్గర జూమ్, 2.8. స్పష్టంగా వచ్చే లోతు సుమారు 12 సెంటీమీటర్లు, అంటే జానెడులో సగం. పెళ్లికూతురి కన్ను దొరికితే పెళ్లికొడుకు మసక. అందుకే తెలిసినవాళ్లు అక్కడ 4కో 5.6కో మూస్తారు. మరి 2.8కు డబ్బెందుకు పోయాలంటే, ఫోకస్ వెతుక్కునేటప్పుడు కెమెరాకు వెలుగు ఎక్కువ అందుతుంది, 2.8 లెన్సును 4కు మూస్తే అది హాయిగా ఊపిరి తీసుకుని పదునుగా తీస్తుంది. 4 లెన్సు అదే 4 దగ్గర చివరి శక్తి కూడగట్టుకుంటూ ఉంటుంది. 2.8 కొనేది 4 దగ్గర వాడుకోవడానికే. వెనకాల బల్బులు గుండ్రంగా కరిగిపోవడం కోసమే అయితే, 50 ఎంఎం 1.8 ప్రైమ్ చాలా తక్కువలో వస్తుంది. అమ్మపల్లి గుడి కోనేటి మెట్ల మీద ప్రీవెడ్డింగ్ తీసేవాళ్లకు అది చాలు, అక్కడ కాళ్లే జూమ్. మండపంలో అయ్యగారికీ, తోడుపెళ్లికూతురికీ, వీడియో ట్రైపాడ్‌కూ నడుమ మోకాళ్ల మీద ఇరుక్కున్నవాడికి కాళ్లెక్కడివి?

24 నుంచి మొదలయ్యే లెన్సు కావాలని పట్టుబట్టేవాళ్లున్నారు. సోనీ జీమాస్టర్ 24-70 లక్షన్నర పైమాటే, తొలి మోడల్ 886 గ్రాములు. ఆ నాలుగు మిల్లీమీటర్లు స్టేజీ మీద గ్రూపు ఫోటోకు పనికొస్తాయి, నిజమే. కానీ 24లో అంచున నిలబడ్డ మేనత్త ఉన్నదానికంటే వెడల్పుగా వస్తుంది, ఆల్బం చూశాక ఆమె మాట్లాడే మాటలు పడాల్సింది ఫోటోగ్రాఫరే. రెండడుగులు వెనక్కి జరిగి 28తో తీస్తే అందరికీ క్షేమం.

సెకండ్ హ్యాండ్ తీసుకుంటే బిల్లు మీది నంబరూ లెన్సు మీది నంబరూ కలవాలి. మౌంటు స్క్రూల తలలు గీసుకుపోయి ఉంటే ఎవరో విప్పారన్నమాట. కోఠిలో కొనేవాళ్లకు ఒక సుఖముంది: మూసి ఉన్న దుకాణం రోలింగ్ షట్టర్ ఎదురుగా నిటారుగా నిలబడి, 2.8 దగ్గర రెండు కొసలా ఒక్కో ఫోటో తీయండి. ఆ అడ్డగీతలు ఎడమ మూలలో ఎలా ఉన్నాయో కుడి మూలలోనూ అలాగే ఉండాలి. ఒక పక్క పదును, ఒక పక్క పేలవం అయితే ఎంత చవకైనా వదిలేయండి.

మా పనిలో లెన్సులు ఎక్కువగా చెడేది పెళ్లిళ్లలో కాదు, పెళ్లిళ్లు లేనప్పుడు. ఆషాఢంలో ముహూర్తాలుండవు. బ్యాగులో పెట్టి బీరువాలో పడేస్తారు, బయట వాన. శ్రావణంలో తీసి చూస్తే లోపలి అద్దం మీద సాలీడు గూడంత సన్నని తెల్ల పోగులు, ఫంగస్. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి పెడితే ఆ ఖర్చు ఎంతనీ? మూఢమొచ్చి చేతిలో పైసలాడని రోజుల్లోనే అమ్మకానికి ఎక్కువ లెన్సులొస్తాయి, ధరా దిగుతుంది. అప్పుడు కొనేవాళ్లు మాత్రం వెనక నుంచి ఫోన్ టార్చి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూశాకే పైసలు తీయండి.