విడతల దారికి దండం

దారీ, నీకు దండం. ఇంకా అడుగు పెట్టలేదు, కాగితం మీద గీతవే. అయినా ముందు నీకే దండం.

వేంసూరులో మొదలవుతావు నువ్వు. పాతతరానికి ఆ పేరు ఒక అసెంబ్లీ నియోజకవర్గం. అక్కడ గెలిచిన జలగం వెంగళరావు 1973లో ముఖ్యమంత్రి అయ్యారు. నాకు మాత్రం పామాయిల్ తోటల నీడలో సత్తుపల్లి వైపు సాగే నీ తొలి అడుగు. దమ్మపేట దాటి, ములకలపల్లి అడవి అంచున పాల్వంచకు, బూర్గంపాడుకు, వంతెన మీదుగా భద్రాద్రి రాముడి ముందుకు. అక్కడితో ఆగవు. మళ్లీ కుడిగట్టుకొచ్చి ఏటికి ఎదురు నడుస్తావు: అశ్వాపురం, మణుగూరు, మంగపేట, ఏటూరునాగారం, ప్రాణహిత వచ్చి కలిసే కాళేశ్వరం. నెల రోజుల నడక. త్ర్యంబకం నుంచి సముద్రం దాకా 1,465 కిలోమీటర్ల గోదావరిలో ఇది ఒక్క ముక్క.

ముక్కే చాలు. నర్మదమ్మ చుట్టూ ఒక్కసారే తిరగలేనివాళ్లు ఖండ పరిక్రమ చేస్తారు. అమెరికాలో 3,500 కిలోమీటర్ల అపలాచియన్ దారిని ఏటా కొంత చొప్పున ఏళ్లతరబడి నడిచేవాళ్లున్నారు. ఉద్యోగం, పొలం, పిల్లల చదువు ఉన్నవాడి మొక్కు విడతల్లోనే తీరుతుంది. అదేం తక్కువ మొక్కు కాదు.

ఎండా, నీకూ దండం. ఈ దారికి పంచాంగం రాసేది నువ్వే. చైత్ర శుద్ధ నవమికి, గోటితో ఒలిచిన తలంబ్రాలు నెత్తిన పెట్టుకుని వచ్చే భక్తుల మధ్య, భద్రాచలంలో ఉండాలి. రోహిణి కార్తె ముఖం చూపకముందే కాళేశ్వరం చేరాలి. రోళ్లు పగిలే ఎండలో నడిస్తే దాన్ని సాహసమని నేననను.

ఇప్పచెట్టూ, రాత్రంతా పూలు రాల్చే తల్లీ, నీకు దండం. నీ కిందికి పూలకోసం వచ్చే ఎలుగుబంటికి దూరం నుంచే దండం. చీకటితో బయల్దేరమంటుంది ఎండ, వెలుగొచ్చాకే కదలమంటుంది ఎలుగు. నా ప్రణాళికంతా ఈ ఇద్దరి మధ్య కుదిరిన రాజీ: తూరుపు తెల్లబడ్డాక లేచి, పొద్దు నడినెత్తికి రాకముందే ఏదో ఒక ఊరి నీడలో మూట దించడం. అటుకులు, బెల్లం, ఉప్పు, నిమ్మకాయలు, తడిగుడ్డ. అంతకుమించి మూటలో ఏదున్నా మూడోరోజు ఎవరికో ఇచ్చేస్తాను.

తునికాకు కోసే అమ్మలారా, మీకు వంగి దండం. యాభై ఆకులొక కట్టగా కట్టి, ఎండ ముదరకముందే కల్లానికి చేర్చడానికి మీరు తిరిగే తిరుగుడుకు పటం లేదు, పతకం లేదు. ఏ వాగు ఇసుకలో చెలమ తీస్తే నీళ్లూరుతాయో మీకే తెలుసు. అపలాచియన్ చెట్ల మీద తెల్ల గీతలు దారి చూపుతాయి. ఇక్కడ గూడెంలో అడగాలి, మీరు చెప్పింది వినాలి. అందుకే నా గీతను చాలాచోట్ల పెన్సిల్‌తోనే ఉంచాను.

రెండుచోట్ల మాత్రం సిరా ఆరిపోయింది. కిన్నెరసాని, ఏటూరునాగారం అభయారణ్యాల దగ్గర గీతను తారు రోడ్డు మీదికి జరిపాను. అటవీశాఖ అనుమతి చేతికొస్తేనే లోపలికి. ఇక మల్లూరు గుట్ట: హేమాచల నరసింహుడి చెంత, ఏ వేసవికీ ఎండని చింతామణి జలధార. ఆ పేరు చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టాను. ఆ రోజు నడక లేదు, సెలవంతా నీళ్ల దగ్గరే.

ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఎండుటాకులకు పెట్టిన నిప్పు గుట్టలెక్కిన వేసవులు ఈ అడవికి చాలా ఉన్నాయి. ఈ దారిన మీరూ వస్తానంటే సంతోషం. అగ్గిపెట్టె మాత్రం ఇంట్లో పెట్టి రండి. టీ ఊళ్లలో దొరుకుతుంది.