తిరుపతమ్మ కథ – మేతభూమి

మున్నేటి తీరమందలి పెనుగంచిప్రోలు తిరుపతమ్మ క్షేత్రముగా సుప్రసిద్ధము. ఆ దేవి కథ జనుల నోట నిలిచి, 1963లో చలనచిత్రముగను వెలువడినది. దీనిని గూర్చి ప్రసంగించువారు సాధారణముగా పాతివ్రత్యమును, అత్తింటి ఆరళ్లను, దైవత్వసిద్ధిని మాత్రమే ఎత్తిచూపుదురు. కథకు మూలమైన కారణమును దాటిపోవుదురు. ఆ కారణము పశువుల మేత.

ప్రచారమునందున్న కథ యిది. అనిగండ్లపాటి ఆడుపడుచు తిరుపతమ్మ పెనుగంచిప్రోలు నివాసియగు కాకాని గోపయ్యను పెండ్లాడెను. కరవు వచ్చి మేత కొఱవడగా గోపయ్య ఆలమందను దూరపుటడవికి తోలుకొని పోయి, అచట పులివాత బడెను. ఇంట నామె నిందలకును వ్యాధికిని గుఱియై, తుదకు అగ్నిప్రవేశము చేసెను.

ఊర మేత యున్నచో మంద కదలదు. మంద కదలనిచో వియోగము లేదు. వియోగము లేనిచో నింద లేదు, పులి లేదు. కావున దశరూపక పరిభాషలో చెప్పవలెనన్న, మేతకఱవు ఈ కథకు బీజము.

కరవు జానపద కథలన్నింటను కానవచ్చు సామాన్యాంశమే కదా యని ఆక్షేపింపవచ్చును. సామాన్యాంశమైనది తొలగించినను కథ నిలుచును. ఇచట దానిని తొలగించిన కథయే లేదు. కథ చరిత్ర కాదనుటయు నిజమే. ఏ పొలము ఎన్ని యెకరములో ఇది చెప్పజాలదు. కాని ఊరుమ్మడి మేత తప్పిన సంసారమెట్లు చెదరునో జనులు ఎఱిగియుండిరని చెప్పగలదు.

ఈ ఎఱుక మన భాషలో క్షీణించినది. పోరంబోకు అను మాట అరవమునుండి వచ్చినది. పన్ను లెక్కకు వెలుపల నుండు భూమి యని దాని యర్థము. మేతబీడు, వాగుగట్టు, చెఱువు శిఖము ఇట్టివి. పన్ను లేనిది పనికిమాలినదను భావము బలపడి, నేడది మనుష్యుని తిట్టుటకు పనికివచ్చుచున్నది. మాట దిగజారిన త్రోవనే భూమియు దిగజారినది. గ్రామపు ఉమ్మడి భూములను ఆక్రమణదారులనుండి విడిపించి గ్రామమునకు అప్పగింప పథకములు సిద్ధపఱచుడని సర్వోన్నత న్యాయస్థానము 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యమున రాష్ట్రముల నాదేశింపవలసి వచ్చెను. ఆ తగవు పంజాబున నొక గ్రామపు చెఱువును గూర్చినది. మన రాష్ట్రమున ఏటి యిసుక త్రవ్వకమును అదుపుచేయుటకు 2002 నాటి జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టమును కలదు.

అయినను ఏటి యుద్ధరణ యనగానే నేడు గోడలు, కట్టలు మాత్రమే తలపునకు వచ్చుచున్నవి. 2023 జూలైలో మున్నేటి వఱద ఐతవరమువద్ద జాతీయ రహదారిపై పాఱెను. 2024 సెప్టెంబరు 1న ఖమ్మమున పల్లపు పేటలు మునిగెను. ఇండ్లను కాచుటకు గోడ వలయును, సందేహము లేదు. కాని వేసవిలో చెలమలకును, గట్లమీది బావులకును నీటిని దాచునది ఇసుక. మట్టిని పట్టి వఱద వడిని తగ్గించునది యొడ్డుమీది గడ్డి. ఇసుక త్రవ్వి, యొడ్డు నాక్రమించి, నడుమ నీటికి మాత్రము గోడ కట్టిన అది ఏఱు కాదు, కాలువ. కథలోని లోటు నీటితో నాగలేదు, గడ్డివఱకు వచ్చినది. విమర్శకులు చూడనిదానినే నేటి యుద్ధారకులును చూడకున్నారు.

తిరుపతమ్మ సన్నిధిలోని కొయ్యవిగ్రహములను రెండేండ్ల కొకమాఱు జగ్గయ్యపేటకు గొనిపోయి రంగులు వేయింతురు. ఒక్కతూరి వేసిన చాలునని యెవ్వరును అనరు. ఉద్ధరణము మాటిమాటికి చేయవలసిన విధియని ఆ యాచారము నెఱిగిన జనులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. పరిశోధక విద్యార్థులు ఈ కథ పాఠాంతరములను సేకరించునపుడు, మంద నడచిన త్రోవలను, మేసిన బీళ్ల పేర్లను విధిగా వ్రాసికొని, వానిని గ్రామ అడంగళ్లతో సరిచూడవలెను. దేవికి మ్రొక్కుచు ఆమె దుఃఖమునకు కారణమైనదానిని మఱచుట భక్తియు కాదు, విమర్శయు కాదు.