వాడ బడి, ఊరి పత్రిక

2019 నవంబర్ 5న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 81 ఇచ్చింది. ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం పెడతామనీ, తెలుగో ఉర్దూనో తప్పనిసరి సబ్జెక్టుగా ఉంటుందనీ దాని సారాంశం. పదిహేను రోజులకే నవంబర్ 20న జీవో 85 వచ్చి, మొదటి ఏడాదికి ఆరో తరగతి వరకే అని సవరించింది. ఆ రోజు నుంచి నెలల తరబడి తెలుగు పత్రికలకూ టీవీ చానళ్లకూ బడి గుర్తొచ్చింది. సంపాదకీయాలు రాశారు, భాషావేత్తల్ని పిలిచారు, కవుల చేత కన్నీళ్లు పెట్టించారు. అటు పక్క వాళ్లు పేదల చదువుకు అడ్డుపడుతున్నారని తిట్టిపోశారు. మేం ఆ రాతల్ని వరసపెట్టి చదువుతూ వచ్చాం. చదివేకొద్దీ ఒకే ప్రశ్న మమ్మల్ని వెంటాడింది. ఇంత రభసలో ఆ బడిలో కూర్చునే పిల్ల ఎక్కడ? ఆ పిల్లని బడికి పంపిన తల్లి ఎక్కడ?

ప్రభుత్వ బడి అంటే ఇవాళ ఎవరి బడో అందరికీ తెలుసు. ఊళ్లో భూమి ఉన్నవాడి పిల్లలు పొద్దున్నే పచ్చ బస్సెక్కి కాన్వెంటుకు పోతారు. మాల మాదిగల పిల్లలు, ఎరుకల యానాది పిల్లలు, చాకలి మంగలి వంటి చేతివృత్తుల వాళ్ల పిల్లలు, పేద ముస్లింల పిల్లలు ప్రభుత్వ బడిలో మిగిలారు. కాబట్టి ప్రభుత్వ బడి గురించి ఒక పార్టీ ఏమనుకుంటోందో, ఒక పత్రిక ఏం రాస్తోందో చూస్తే అది మన గురించి ఏమనుకుంటోందో తెలిసిపోతుంది. ఈ వ్యాసంలో మేం చేసేది ఆ చదువే.

అమ్మ భాష, ఏ అమ్మ భాష?

మాతృభాషలో చెబితే పిల్లలకు బాగా అర్థమవుతుందన్న మాట తప్పని మేం అనడం లేదు. విద్యాహక్కు చట్టం 2009 కూడా వీలైనంత వరకు మాతృభాషలోనే బోధన ఉండాలంది. మా గొడవ ఆ సిద్ధాంతంతో కాదు, దాన్ని ఎప్పుడు బయటికి తీస్తారన్న దానితో. కాన్వెంట్లూ కార్పొరేట్ స్కూళ్లూ దశాబ్దాలుగా ఊరూరా మొలుస్తుంటే తెలుగు చచ్చిపోతోందని ఈ పెద్దలు రోడ్డెక్కలేదు. పైగా ర్యాంకుల సీజన్ వస్తే ఆ సంస్థల ప్రకటనలు మొదటి పేజీని నింపేశాయి. కలవారి పిల్లవాడు ఇంగ్లీషు చదివితే అది ముందుచూపు. కూలి తల్లి బిడ్డ చదువుతానంటే అది మోజు. తెలుగును బతికించే బరువంతా వాడ పిల్లల నెత్తిన పెట్టి, తమ పిల్లల్ని అమెరికా పంపుకున్నవాళ్లు చెప్పే భాషాప్రేమను మేం ఎట్లా నమ్మాలి?

ఇంకో సంగతి. పాఠ్యపుస్తకంలో ఉన్న తెలుగు మా అమ్మల తెలుగు కాదు. వాడుక భాషా ఉద్యమం గ్రాంథికం పీడ వదిలించింది, నిజమే. కానీ అప్పుడు గెలిచిన వాడుక భాష పేరు 'శిష్ట వ్యావహారికం'. శిష్టులెవరో వేరే చెప్పాలా? మా ఇళ్లల్లో మాట్లాడే మాటని బడిలో 'యాస' అన్నారు, 'మోటు' అన్నారు, సరిదిద్దారు. మాలో చాలామందిమి సంక్షేమ హాస్టళ్లలో ఉండి ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లం. నోరు తెరిస్తే నవ్వే క్లాసులో తెలుగు పాఠం అప్పజెప్పడం ఎట్లా ఉంటుందో మాకు తెలుసు. మా భాషను బడి బయట నిలబెట్టి, మమ్మల్ని లోపలికి పిలిచి మాతృభాష అనడం ఏం న్యాయం?

రెండు పత్రికల పోట్లాట

అయితే ఇంగ్లీషు మీడియాన్ని సమర్థించిన పత్రిక మన పత్రికా? అదీ కాదు. తెలుగు పత్రికారంగం ఎవరి చేతుల్లో ఉందో దాచిపెట్టే విషయం కాదు. 1974లో విశాఖపట్నంలో మొదలైన 'ఈనాడు' కమ్మ పెట్టుబడి నుంచి వచ్చింది. 2008లో వచ్చిన 'సాక్షి' వైయస్ కుటుంబానిది. ఒకటి జీవోను తప్పుపడితే ఇంకొకటి ఆకాశానికెత్తింది. అధికారం కోసం కొట్లాడుకుంటున్న రెండు భూస్వామ్య కులాల తగువులో దళిత పిల్ల ఒక వాదన అయ్యిందే తప్ప మనిషి కాలేదు.

2019 నవంబర్‌లోనే ముఖ్యమంత్రి ఒక ప్రశ్న వేశారు: తెలుగు తెలుగు అంటున్న చంద్రబాబు, వెంకయ్య నాయుడు, పవన్ కళ్యాణ్ తమ పిల్లల్ని ఏ మీడియంలో చదివించారు? సరైన ప్రశ్నే. మనవాళ్లు చప్పట్లు కొట్టారు. అయితే ఆ ప్రశ్నని ఇంకాస్త ముందుకు తీసుకుపోవాల్సింది. వీళ్లందరి పిల్లల్లో ప్రభుత్వ బడి మెట్టెక్కినవాళ్లెవరు? ప్రశ్న వేసిన ముఖ్యమంత్రి చదివింది హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో. ఆ స్కూలు 1923లో జాగీర్దార్ల కొడుకుల కోసం పెట్టిన కాలేజీ. మీడియం గురించి అడిగారు గానీ బడి గురించి అడగలేదు. అడిగితే అది తిరిగొచ్చి తమకే తగులుతుంది.

2020 ఏప్రిల్ 15న హైకోర్టు రెండు జీవోలనూ కొట్టేసింది. మీడియం ఎంచుకునే హక్కు తల్లిదండ్రులకూ పిల్లలకూ ఉందంది. తర్వాత ప్రభుత్వం తల్లిదండ్రుల అభిప్రాయం సేకరించి, 96 శాతానికి పైగా ఇంగ్లీషే కోరుకున్నారని చెప్పింది. ఒక పత్రికకు ఆ అంకె విజయం, ఇంకో పత్రికకు అనుమానం. మేం చదివిన వాటిలో ఆ తల్లి గడపలోకి పోయి "నీకెందుకు ఇంగ్లీషు కావాలమ్మా" అని అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టు అచ్చేసిన పేజీ మాకు కనపడలేదు. ఆమె జవాబు మాకు తెలుసు. కోర్టు కాగితం, బ్యాంకు కాగితం, ఆస్పత్రి చీటీ ఆ భాషలో ఉన్నాయి. ఉద్యోగం ఆ భాషలో ఉంది. తనను చదవనివ్వని లోకం ఆ భాషలో మాట్లాడుకుంటోంది.

బడి ఎప్పుడు వార్త?

ఈ గొడవ లేని మామూలు రోజుల్లో ప్రభుత్వ బడి మూడు రకాలుగా వార్త అవుతుంది. ఒకటి: పైకప్పు పెచ్చులూడింది, భోజనంలో పురుగొచ్చింది, సారు రాలేదు. రెండు: కూలీ బిడ్డకు ర్యాంకు. మూడు: మంత్రిగారు బ్యాగులు పంచారు. మొదటి దానివల్ల ఆ బడి మీద ఉన్న కాస్త నమ్మకమూ పోతుంది. పై అధికారులను గానీ బడ్జెట్‌ను గానీ అడగకుండా నేరం పోయి పంతులు మీద పడుతుంది. విద్యకు జాతీయాదాయంలో 6 శాతం పెట్టాలని 1966లో కొఠారీ కమిషన్ చెప్పింది. కులం, డబ్బు చూడకుండా అందరి పిల్లలూ చదివే ఉమ్మడి బడి కావాలని కూడా చెప్పింది. రెండూ జరగలేదు. అది మాత్రం వార్త కాదు.

రెండో రకం వార్త తియ్యటిది గనక ఎక్కువ ప్రమాదం. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు పూర్ణ, ఆనంద్ ఎవరెస్టు ఎక్కారు. ఒకరు ఆదివాసీ, ఒకరు దళితుడు. మేమూ గుండెలు పొంగి చదివాం. గురుకులాలు మన పిల్లల్లో నింపిన ధైర్యాన్ని మేం తక్కువ చెయ్యం. కానీ శిఖరం మీద నిలబడ్డ ఇద్దర్ని చూపించి, వాడలో ఒకే టీచరుతో ఐదు తరగతులు నడిచే ప్రాథమిక బడిని కనపడకుండా చేస్తే దాన్నేమనాలి? గురుకులంలో సీటుకు పరీక్ష ఉంది. వాడ బడికి పరీక్ష లేదు, అడిగేవాడూ లేడు. అసలు గురుకులమన్న మాటలోనే ఏకలవ్యుడు బయట నిలబడి ఉన్నాడని మరిచిపోకూడదు.

దీనికో లోపలి కారణం ఉంది. మండల విలేకరికి జీతం ఉండదు. లైన్ అకౌంటు ఉంటుంది, ప్రకటనల టార్గెట్ ఉంటుంది. జనవరి 26, ఆగస్టు 15 వచ్చాయంటే ప్రకటనల కోసం తిరగాలి. ప్రైవేటు స్కూలు కరస్పాండెంటు ప్రకటన ఇస్తాడు, ప్రభుత్వ బడి హెడ్‌మాస్టరు ఎక్కణ్ణించి తెస్తాడు? కాబట్టి ఒక బడి వార్షికోత్సవం ఫొటోతో వస్తుంది, ఇంకో బడి మురుగుదొడ్డి ఫొటోతో వస్తుంది. ఆ విలేకరుల్లో మన కుర్రాళ్లూ ఉన్నారు. వాళ్లను తిట్టి లాభం లేదు, ఆ ఏర్పాటు అలాంటిది.

పత్రికకు చేతకాదా అంటే అదీ కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత కేంద్రాల్లో ఒక పాఠం చదివిన దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 'ఈనాడు' ఆ ఉద్యమానికి పేజీలు కేటాయించింది. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చింది. రాత్రి బడీ, పత్రికా కలిస్తే ఏమవుతుందో అప్పుడు చూశాం. ఆ పేజీల వెనక పత్రికకు తన రాజకీయాలున్నాయన్నదీ నిజమే. కావాలనుకుంటే చెయ్యగలదు. వాడ బడి కోసం కావాలనుకోలేదు.

ఎవరు రాస్తున్నారు?

1996లో బి.ఎన్. ఉనియాల్ అనే జర్నలిస్టు ఢిల్లీలో ఒక్క దళిత జర్నలిస్టు కోసం వెతికాడు. కేంద్ర ప్రభుత్వ గుర్తింపు ఉన్న 686 మంది జాబితా ముందేసుకున్నాడు. ఒక్కడూ దొరకలేదని రాశాడు. పదేళ్లకు, 2006లో, ఢిల్లీలోని 37 మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మందిని లెక్క తీస్తే దళితుడు గానీ ఆదివాసీ గానీ లేడు. 2019లో ఇంకో అధ్యయనం 121 పెద్ద పదవుల్ని చూసింది. 106 అగ్రకులాలవి. ఎస్సీ ఎస్టీలు సున్న. ఇవి ఢిల్లీ లెక్కలు. తెలుగు పత్రికల డెస్కుల్లో లెక్క తీయమని అడుగుతున్నాం. అంతకంటే బాగుంటే సంతోషిస్తాం.

ఇది ఇవాళ్టి జబ్బు కాదు. 1882లో హంటర్ కమిషన్ ముందు ఫూలే చెప్పింది ఇదే: పన్ను కట్టేది రైతూ కూలీ, ఆ డబ్బుతో పైచదువులు చదివేది బ్రాహ్మలు. కనీసం పన్నెండేళ్ల దాకా అందరికీ నిర్బంధ ప్రాథమిక విద్య పెట్టమన్నాడాయన. 1920 జనవరి 31న అంబేద్కర్ 'మూక్‌నాయక్' పెట్టినప్పుడు, డబ్బిస్తామన్నా దాని ప్రకటన వెయ్యడానికి తిలక్ 'కేసరి' ఒప్పుకోలేదు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి అంటరాని పిల్లలకు బడులు పెట్టాడు, తర్వాత పత్రికా నడిపాడు. మన పెద్దలు బడినీ పత్రికనూ వేరుగా చూడలేదు. ఒకటి నోరిస్తుంది, ఇంకోటి ఆ నోటిని వినిపిస్తుంది. కారంచేడు, చుండూరు తర్వాత మన చిన్న పత్రికలు పుట్టింది కూడా పెద్ద పత్రికల్లో మన చావు సైతం మన మాటలో రాలేదు కాబట్టే.

పథకం పేరు, నాయకుడి బొమ్మ

పార్టీలకు బడి హక్కు కాదు, పథకం. 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి కింద తల్లి ఖాతాలో ఏడాదికి 15,000 వేస్తామన్నారు. ఆ డబ్బుతో పుస్తకాలు, చెప్పులు కొన్న తల్లులు మాకు తెలుసు. దాన్ని ఎగతాళి చేసే హక్కు కడుపు నిండినవాడికి లేదు. కానీ ప్రైవేటు బడికి పంపినా అదే డబ్బు. ప్రజల సొమ్ము ఏ దారిన ఎక్కడికి పోతోందో చూడండి. 2024లో ప్రభుత్వం మారింది, పథకాల పేర్లు మారాయి. అమ్మ ఒడి 'తల్లికి వందనం' అయ్యింది. గోరుముద్ద డొక్కా సీతమ్మ పేరు మీదికీ, విద్యాకానుక సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరు మీదికీ పోయాయి. విదేశీ విద్య పథకానికున్న అంబేద్కర్ పేరును 2022లో ఒక ప్రభుత్వం తీసేసి జగనన్న పేరు పెడితే, 2024లో ఇంకో ప్రభుత్వం తిరిగి తెచ్చింది. పత్రికలు ఏ పేరు గొప్పదో కొట్టుకున్నాయి. ఒక బోర్డు మీద నాయకుడు, ఇంకో బోర్డు మీద బ్రాహ్మణ పెద్దలు. సావిత్రిబాయి వీళ్లెవరికీ గుర్తు రాలేదు.

మన సంగతేమిటి?

ఇంతసేపు వాళ్లను అన్నాం. మన సంగతీ మాట్లాడుకోవాలి. రిజర్వేషన్‌తో టీచరయిన మనం, లెక్చరరయిన మనం, మన పిల్లల్ని ఎక్కడ చదివిస్తున్నాం? మనం పాఠం చెప్పే బడిలో మన బిడ్డను కూర్చోబెట్టే ధైర్యం మనలో ఎంతమందికి ఉంది? లేకపోవడానికి కారణాలున్నాయి, మాకూ ఉన్నాయి. కానీ మనమూ లేచి వచ్చేశాక ఆ బడి తరఫున గొంతెత్తే చదువుకున్న మనిషి ఎవరూ మిగలరు. అగ్రకులాలు బడిని వదిలేశాయన్నాం. మనం వదిలెయ్యడం కూడా అందులో భాగమే.

కాబట్టి తెలుగా ఇంగ్లీషా అన్న ప్రశ్నకు మా జవాబు చిన్నది. ఇంగ్లీషు కావాలి. దాన్ని చెప్పగలిగిన టీచరుతో కలిపి కావాలి. మా మాటను మోటనని తెలుగూ కావాలి. బోర్డు మీద మీడియం మార్చి, ఒకే టీచరుకు ఐదు తరగతులు అప్పగిస్తే అది ఇంగ్లీషు మీడియం కాదు, ఇంగ్లీషులో మోసం. అంతకంటే ముందు కావాల్సింది ఎమ్మెల్యే బిడ్డ, ఎడిటర్ బిడ్డ, కూలి బిడ్డ ఒకే బెంచీ మీద కూర్చునే ఉమ్మడి బడి. ఆ మాటను ఏ పార్టీ మేనిఫెస్టోలో పెడుతుందో, ఏ పత్రిక సంపాదకీయంలో రాస్తుందో చూద్దాం.

విద్యార్థి మిత్రులకు ఒక పని చెబుతున్నాం. మీ మండలంలో ఒక వాడ బడి ఎంచుకోండి. ఒక నెలపాటు జిల్లా పేజీల్లో ఆ మండలం బడుల మీద వచ్చిన ప్రతి వార్తా కత్తిరించి పెట్టండి. అదే నెల ఆ బడికి రోజూ పోయి, అక్కడ ఏం జరిగిందో మీ మాటల్లో, అక్కడి తల్లుల మాటల్లో రాయండి. రెండూ పక్కపక్కన పెట్టి మాకు పంపండి. దిద్దకుండా అచ్చేస్తాం.