పెండ్లి పద్దు: ఔచిత్యవిచారము

కావ్యములను, నాటకములను విమర్శించుట మాకు అలవాటు. ఇరువదియేండ్లుగా బడిలో చెప్పుచున్నదియు అదియే, తీఱికవేళల వ్రాయుచున్నదియు అదియే. ఇటీవల మా బల్లమీదికి అచ్చుపుస్తకమునకు మాఱుగా నాలుగు పుటల వ్రాతప్రతి యొకటి వచ్చి చేరినది. కర్త మా అన్నగారు. పేరు ‘అమ్మాయి పెండ్లి పద్దు’. “ఒకమాఱు చూచి తప్పులున్న దిద్దిపెట్టరా తమ్ముడూ” అని ఆయన దానిని మా చేతికిచ్చిరి. కూడికలో తప్పు లేదు. తప్పు వేఱొకచోట నున్నది. దానిని చూపుటకే ఈ వ్యాసము.

కావ్యవిమర్శకునికి పెండ్లిఖర్చులతో పనియేమి యని చదువరులు అడుగవచ్చును. పెండ్లియు ఒక రచనయే. దానికి నాయికానాయకులు గలరు. ఒకదానివెంట నొకటిగా నడచు ఘట్టములు గలవు. చూచి సంతోషింపవచ్చిన సామాజికులు గలరు. రచన యున్నచోట గుణదోషవిచారము తప్పదు. అందును ఈ రచనకు మూల్యము కొందఱు తలిదండ్రులు జీవితాంతము చెల్లించుచున్నప్పుడు విమర్శకుడు మౌనము వహించుట న్యాయము కాదు.

ముందు గ్రంథవిషయము చెప్పెదము. 800 మందికి భోజనములు, రూ. 3,20,000. కల్యాణమండపము, 2,50,000. ఫొటోలు, వీడియో, 2,00,000. వేదికకు పూల అలంకారము, 1,50,000. బట్టలు, 1,50,000. ముందునాటి హల్దీ, సంగీత్ వేడుకలు, 1,20,000. శుభలేఖలు, వచ్చినవారికి కానుకలు, 1,20,000. మేళము, దీపములు, బండ్లు, పురోహితుని సంభావన, 84,000. కట్టకడపట నొక చిన్న పంక్తి: పసుపు, కుంకుమ, జీలకఱ్ఱ, బెల్లము, తలంబ్రాల బియ్యము, మధుపర్కములు వగైరా, 6,000. వెరసి రూ. 14,00,000. బంగారము మా వదినగారు ఏండ్లతరబడి కూడబెట్టినది గనుక పద్దులోనికి రాలేదు.

అన్నగారి చేతిలో నున్నది 5 లక్షలు. తక్కిన 9 లక్షలు అప్పు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. అనగా నెలకు 18,000 రూపాయలు వడ్డీకే పోవలెను, అసలు అట్లేయుండును. ఆయన జీతము నెలకు 34,000. పిల్ల అత్తవారింటికి వెళ్లిన తరువాత ఆ యింట మిగులునది తల్లి, తండ్రి, ఎనుబదియేండ్ల ముసలమ్మ, ఈ వడ్డీ.

ఇక విమర్శ. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరదేశమున క్షేమేంద్రుడను ఆలంకారికుడు ‘ఔచిత్యవిచారచర్చ’ యను గ్రంథము వ్రాసెను. ఏది ఎక్కడ నుండదగునో అక్కడ నుండుటయే కావ్యమునకు ప్రాణమని ఆయన మతము. మొలనూలు మెడలో వేసికొని, హారము నడుమునకు చుట్టుకొన్నవారిని చూచి లోకము నవ్వును. ఆ నగలలో లోపము లేదు. అవి యున్నచోటులో లోపము. అలంకారము విలువగలదైనంతమాత్రమున అందము కాజాలదు. మా అన్నగారి పద్దును మేము ఈ కొలతతోనే కొలిచితిమి.

మన సాహిత్యములో పెండ్లివర్ణన యనగానే సంస్కృతము చదివినవారికి కుమారసంభవము ఏడవ సర్గము జ్ఞప్తికి వచ్చును. అచ్చట పెండ్లికుమారుని అలంకరింపవలెనని మాతృకలు నగలు తెచ్చి ముందుంచుదురు. శివుడు వానిని గౌరవముతో తాకి విడిచిపెట్టును. ఆయన మేని బూడిదయే మైపూత యైనది. తలమీది పుఱ్ఱెయే శిరోభూషణ మైనది. ఏనుగుతోలే అంచుగల పట్టువస్త్ర మైనది. నొసటికన్నే తిలక మైనది. తనకున్నదే తనకు తగినట్లు మాఱుటకన్న మించిన అలంకరణము కాళిదాసునకు తోచలేదు. వధువువైపున నేమున్నది? తల్లి మేన కూతునకు తోరము కట్టబోయినది. కన్నీరు క్రమ్మి చూపానక, ఉన్నిదారమును ఉండవలసినచోట గాక వేఱొకచోట కట్టినది. దాదిపోయి వ్రేళ్లతో దానిని సరియైన చోటికి జరిపినది. పెండ్లిలో అందమైన క్షణము ఏదియని అడిగినచో మేము ఈ తోరమునే చూపుదుము. దాని ఖర్చు ఒక దారపుపోగు.

‘హిమవంతుడు పేదవాడా? వీథులలో పూలు పఱపించి, పట్టుజెండాలు కట్టించి, బంగారు తోరణములు నిలిపెను గదా!’ యని ఆక్షేపింపవచ్చును. నిజమే. కాళిదాసు వైభవమును దాచలేదు, నిందింపలేదు. కాని పురమునకు చేసిన ఆ అలంకారమునంతను ఒక్క శ్లోకములో ముగించి, తల్లిచేతి తోరమునొద్దకు వచ్చినాడు. హిమవంతునకు అది తగియున్నది. ఆయన నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి తోరణములు కట్టింపలేదు. కలిగినవాడు పెట్టుట వేఱు. లేనివాడు కలిగినవాని వేషము కట్టుట వేఱు. క్షేమేంద్రుడు నవ్వునది ఈ రెండవదానినే.

మా అన్నగారి పద్దునకు తిరిగి వచ్చెదము. పెండ్లి యను కార్యము నిజముగా జరుగునది దేనితో? కడపటి పంక్తితో. జీలకఱ్ఱ బెల్లము, మంగళసూత్రము, తలంబ్రాలు, అగ్ని, ఏడడుగులు. 1955 నాటి హిందూవివాహచట్టము ఏడవ సెక్షనును చూడుడు. సప్తపది ఆచారమున్నచోట ఏడవ యడుగు వేయుటతో వివాహము పూర్తియగునని దానిలో నున్నది; మండపము మాట, విందు మాట లేవు. 2024లో సుప్రీముకోర్టువారును ఒక తీర్పులో, వివాహము ఆటపాటలకు, విందువినోదములకు మాత్రమైన సందర్భము కాదనియు, ఆ కర్మకలాపమే దానికి ఆధారమనియు హెచ్చరించిరి. చట్టమునకు కావలసినదియు, శాస్త్రమునకు కావలసినదియు ఆ ఆఱువేల రూపాయల పంక్తిలో నున్నవి. తక్కిన పదమూడు లక్షల తొంబదినాలుగువేలును ఆ పంక్తిచుట్టు కట్టిన ప్రాకారము.

ఆ ప్రాకారమైనను లోపలి మూర్తిని చూడనిచ్చుచున్నదా? ఈ కాలపు పెండ్లిండ్లకు వెళ్లినవారందఱు ఎఱుగుదురు. అడ్డుతెర తీసి వధూవరులు ఒకరినొకరు చూచుకొను ముహూర్తమున సభవారికి కనబడునది కెమెరాలవారి వీపులు. మంత్రము చెప్పువేళ సౌండుబాక్సులో వేఱుపాట. సప్తపదివేళకు సభ సగము భోజనశాలలో నుండును, సగము బండ్లు వెదకికొనుచుండును. ఖర్చులో అధికభాగము ప్రధానఘట్టమును మఱుగుపఱచుటకే వినియోగపడుచున్నది. కావ్యములో నైనచో దీనిని రసభంగమందుము.

దోషము తెలిసియు జనులేల చేయుచున్నారు? మేమును అన్నగారిని ఆ ప్రశ్నయే అడిగితిమి. “పదిమంది ఏమనుకొందురురా?” అనిరి. ఇంకను తఱచి యడుగగా అసలు సంగతి బయటపడినది. వరుని తండ్రిగారు, “కట్నము మాకక్కఱలేదు; పెండ్లి మాత్రము మా గౌరవమునకు తగినట్లు చేయుడు” అనిరట. చదువరులు ఈ వాక్యమును నిదానముగా చదువవలెను. గురజాడవారు ‘కన్యాశుల్కము’ వ్రాసినప్పుడు ఆడుపిల్లకు వెలకట్టుచుండిరి. కాళ్లకూరి నారాయణరావుగారు 1921లో ‘వరవిక్రయము’ వెలువరించునప్పటికి వెల వరునిమీదికి మాఱినది. 1961లో చట్టము కట్నమును నిషేధించినది. నిషేధముతో ఆశ చావలేదు, రూపము మార్చుకొన్నది. ఇప్పుడు మండపపు అద్దెగా, పూలవేదికగా, ఎనిమిదివందల విస్తళ్లుగా చెల్లింపబడుచున్నది. వరునిచేతికి పైసయు పోదు, చట్టమునకు చిక్కదు. వధువు తండ్రి యిల్లు మాత్రము వెనుకటివలెనే గుల్లయగును. వరవిక్రయమున కాళింది ప్రాణము తీసికొన్నది కట్నపు దుఃఖముతో. పేరు మార్చుకొన్న ఆ కట్నమును గుర్తింపని సంస్కారవాదిని ఏమనవలెను?

దోషము చూపి ఊరకుండుట సులువు. ప్రతిని దిద్దవలెను గదా. మా దిద్దుబాటులో సూత్రములు మూడు.

మొదటిది, మందిసంఖ్య. పద్దులో భోజనములు, మండపము, శుభలేఖలు, కానుకలు, బండ్లు అన్నియు దానితోనే పెరుగును, దానితోనే తగ్గును. ఒక్కొక్క ఖర్చును కోయబూనినవాడు కొమ్మలు కోయుచున్నాడు. మందిని తగ్గించినవాడు మొదలు కోసినవాడు. వధువునో వరునో పేరుపెట్టి పిలువగలవారు ఎందఱని లెక్కించితిమి. 250 మంది తేలిరి.

రెండవది, వేళ. రాత్రి లగ్నమైనచో దీపములు, జనరేటరు, సాయంకాలపు ఫలహారము, రాత్రి భోజనము, దూరపువారికి బస. పగటి లగ్నమునకు సూర్యుడే దీపము, ఒక్క పూట భోజనము చాలును. అందఱు ఎగబడు ముహూర్తమున మండపమునకు, మేళమునకు, పూలకు ఒక్కమాఱే వెలలు లేచును. పురోహితునడిగి, ఫాల్గునములో అంతగా ఒత్తిడిలేని ఒక ఉదయముహూర్తము పెట్టించితిమి.

మూడవది, చేతిదగ్గఱి వస్తువు. మాది గోదావరిగట్టు. ఇంటిముందు తాటాకు పందిరి, మామిడాకు తోరణములు, గెలలతో అరటిచెట్లు, కడియపుపూలు. విందులో ముప్పది వంటకములు వద్దని, కందాబచ్చలికూర, గుత్తివంకాయ, పులిహోర, బూరెలు, ముక్కలపులుసు, అప్పడము, గడ్డపెరుగు అరటియాకులో బంతివరుసన వడ్డించుట. అడిగి వడ్డించునప్పుడు పాఱవేయునది తక్కువ. కుడిచినవారికి ఆదరమును మిగులును.

దిద్దిన ప్రతి యిది: భోజనములు 80,000, పందిరి, సామానుల అద్దె 40,000, పూలు 15,000, బట్టలు 80,000, సన్నాయిమేళము 25,000, సంభావన 15,000, శుభలేఖలు 5,000, పూజాసామగ్రి 10,000, బండ్లు, చిల్లర 45,000. ఫొటోలను మేము నిర్దాక్షిణ్యముగా కొట్టివైచితిమి. కెమెరాల వీపులమీది కోపము ఇంకను చల్లాఱలేదు.

ఇచ్చట విమర్శకునికే విమర్శ తగిలినది. పిల్ల ఆ ప్రతిని చదివి, “అన్నియు బాగున్నవి బాబాయిగారూ. మీ కావ్యములు అచ్చులో నిలిచియున్నవి. మా నాయనమ్మ ఎన్నాళ్లుండునో ఎవరికి తెలియును? ఆమె ప్రక్కన కూర్చున్న బొమ్మ నాకొకటి కావలెను” అన్నది. ఆ నాయనమ్మ మా తల్లి. మాకు మాట పెగలలేదు. ఒక్క ఫొటోగ్రాఫరు, వేదిక యెక్కక ప్రక్కనుండి తీయువాడు, 35,000 అని మా చేతితోనే చేర్చితిమి. వెరసి 3,50,000. ఔచిత్యమనగా కోత కాదని ఆ పిల్ల మాకు నేర్పినది. ప్రేమయున్న చోటికి డబ్బు పోవుటయు ఔచిత్యమే.

వియ్యంకులవారి యింటికి అన్నగారితో మేమును వెళ్లితిమి. వడ్డీలెక్క దాపఱికములేక చెప్పితిమి. ఆయన చాలసేపు పలుకలేదు. తలుపుకడ నిలిచిన వరుడు, “నాన్నగారూ, చెల్లాయి పెండ్లియప్పు మనమింకను తీర్చుచునే యున్నాము” అన్నాడు. అంతటితో సమాధానము వచ్చినది. తమవారు ఎనుబదిమందికి మించరనియు, వారి రాకపోకల ఖర్చు తామే పెట్టుకొందుమనియు పెద్దాయన చెప్పిరి. గౌరవమన్నది మనము ఊహించుకొనునంత కఠినురాలు కాదు. అడుగువారు లేక అట్లు కూర్చున్నది.

పెండ్లి జరిగినది. పిలువనివారును నలువదిమంది దాక వచ్చిరి. ఆకులు తెప్పించి, మఱల పొయ్యి వెలిగించితిమి. పద్దు 3,72,000 వద్ద ఆగినది. కొందఱు బంధువులు ‘పీనాసిపెండ్లి’ యనిరి. అనకపోయిరని వ్రాసినచో అసత్యమగును. కాని తెరతీసిన క్షణమును పందిటిలోని ప్రతివారును చూచిరి. ఏడడుగులను పిల్లలు గొంతెత్తి లెక్కపెట్టిరి. మిగిలిన 1,28,000 రూపాయలను అన్నగారు పిల్లపేర బ్యాంకులో వేసిరి, అది ఆమెది.

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతువివాహము జరిపించిరి. ఆ పెండ్లికి వచ్చుటకు జనులు వెలికి జడిసిరి. దాని పందిరి యెట్టిదో, వంటకములెన్నియో నేడెవరును అడుగరు. నూటనలువదియేండ్లు దాటినను ఆ పెండ్లి నిలిచియున్నది. జరిగిన పనికి ఘనత యున్నచో అలంకారమునకు లోటు రాదు.

పెండ్లికెదిగిన బిడ్డలుగల చదువరులకు మా విన్నపమొక్కటి. పద్దు వ్రాయునప్పుడు మండపముతో మొదలిడవలదు. జీలకఱ్ఱ బెల్లముతో మొదలిడి, దానిని చూడవలసినవారి పేర్లు క్రింద వ్రాసికొని, చేతనున్న సొమ్ము ముగిసినచోట గీత గీయుడు. ఆ గీతకు పైన నున్నదే పెండ్లి.